నీలీరాగం

సూర్యలంక సముద్రతీరాన ఒక రిసార్టులో పనిచేసే ఇద్దరి ప్రేమను గూర్చి నా పూర్వవిద్యార్థిని ఒకామె కథ వ్రాసి పంపింది. నాలుగవ పుటలోనే మేనేజరు మనసు విప్పాడు. ఐదవ పుటలో ఆమె తల ఊపింది. "ఇంత త్వర యెందుకమ్మా?" అన్నాను. "ఆలస్యమైతే చదువరి పారిపోతాడు మాస్టారూ" అన్నది.

మిత్రులారా, ఆ తొందరలోని దోషం కేవలం శిల్పదోషం కాదని నా అభిప్రాయం. అతిథిగృహంలో చిరునవ్వు జీతంలో భాగం. వచ్చినవారినందరినీ నవ్వుతూ పలకరించవలసిన అమ్మాయి మేనేజరును చూసి నవ్వితే అది ఉద్యోగధర్మమో హృదయధర్మమో కాలమే తేల్చాలి. పైగా ఆమె సెలవులూ, జీతమూ అతని చేతిలో ఉన్నవి. "కాదు" అనడానికి భయపడవలసిన చోట "అవును"కు విలువేమిటి? పనిచోట స్త్రీల రక్షణకై 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో చట్టం వచ్చింది. మన కథకులలో చాలామంది ఇంకా వెంటపడడాన్నే ప్రేమ అంటున్నారు.

సమాగమానికి ముందటి అనురాగాన్ని ఆలంకారికులు పూర్వరాగమన్నారు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దానికి మూడు రంగుల పేర్లు పెట్టాడు. మెరిసి వెలిసిపోయేది కుసుంభరాగం. మెరిసీ నిలిచేది మంజిష్ఠారాగం. పైకి అంతగా మెరవకున్నా మనస్సును వీడనిది నీలీరాగం. అద్దకమెరిగిన చీరాల వారికి దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. (మా మిరప రైతుకైతే మరొక విధంగా చెబుతాను: కల్లంలో కాయ ఎండకముందే టిక్కీలో తొక్కితే బూజు పడుతుంది.)

1955 నాటి 'మిస్సమ్మ' చూడండి. బెంగాలీ మూలమున్న ఆ కథను తెలుగుదనంతో నింపినవాడు తెనాలి చక్రపాణి. ఉద్యోగం కోసం దంపతులమని అబద్ధమాడి అప్పాపురం బడిలో చేరిన రావుకూ మేరీకీ అవసరమొక్కటే, ప్రమాదమూ ఒక్కటే. ఒకరిపై ఒకరికి అధికారం లేదు. అందుకే ఆమె నిర్భయంగా కసురుకోగలిగింది; అతడు ఓపిక పట్టక తప్పలేదు. చివర ఆమె జమీందారు తప్పిపోయిన కూతురని తేల్చి మతాల చిక్కును సులువుగా విప్పేయడం మాత్రం నాకు నేటికీ రుచించదు. అంత నెమ్మదిగా పండిన ప్రేమకు ఆ ఊతం అవసరమా?

ఇదంతా చెప్పి, "ఆ అబ్బాయి మేనేజరు పదవి తీసివేయమ్మా" అన్నాను. ఆమె అతణ్ణి వంటశాలకు మార్చి మళ్ళీ వ్రాసింది. పదకొండు పుటలైనవి. ఇంకా ఇద్దరూ చేపల పులుసులో ఉప్పును గూర్చే మాట్లాడుకుంటున్నారు.