హాజరు పట్టీలో పలకని పేర్లు



మొన్న ఒక సాయంత్రం మా బెల్లంకొండ బజారులో ఒక తల్లి నన్ను ఆపింది. "మాస్టారూ, మావాడు హైస్కూలుకు వచ్చాడు గాని తెలుగు పుస్తకం చేతికిస్తే ఇంకా కూడబలుక్కుని చదువుతున్నాడు. వాడికి బుర్ర లేదంటారా?" అని అడిగింది. పక్కనే ఆ పిల్లవాడు తలవంచుకుని నిలబడి ఉన్నాడు. "వీణ్ణి ఒకటో తరగతిలో వేసింది ఏ సంవత్సరమమ్మా?" అన్నాను. ఆమె వేళ్ళమీద లెక్కపెట్టి, "కరోనా ఏడాదండీ" అంది. తన ప్రశ్నకు జవాబు తన నోటనే వచ్చిందని ఆ తల్లికి వెంటనే తోచలేదు.

ఇంటికి వచ్చాక చాలాసేపు దాన్ని గురించే ఆలోచించాను. ఆ రోజుల్ని మనం తొందరగా మరిచిపోయాం. మూతికి కట్టుకున్న మాస్కు తీసి పారేసినట్లే ఆ జ్ఞాపకాన్నీ పారేశాం. కాని ఆ రోజుల్లో పలక పట్టవలసిన పిల్లలు ఇంకా మన ఇళ్ళలోనే ఉన్నారు. కనుక ఈ నెల మన ముచ్చట్లలో, మూసిన బడిని మళ్ళీ ఎలా తెరిచారు, అందులో మన వంతు ఏమిటి అనే సంగతి చెప్పుకుందాం.

బడి గంట ఆగిన రోజు

మన రాష్ట్రంలో బడులు 2020 మార్చి 19 నుంచి మూతపడ్డాయి. మొదట నెలాఖరు వరకే అన్నారు. 22న జనతా కర్ఫ్యూ జరిగింది. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికి మనది ఇంకా గుంటూరు జిల్లాయే. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఆ వేసవిలో నరసరావుపేటలో కేసులు పెరుగుతున్నాయని వింటుంటే ఇక్కడ మనకు గుండె దడదడలాడేది. పదో తరగతి పరీక్షలు వాయిదా పడి, చివరకు జూన్‌లో రద్దయ్యాయి. పిల్లలందరూ ఉత్తీర్ణులైనట్లు ప్రకటించారు. మిఠాయి పంచుకోవాలో ఊరుకోవాలో తెలియని ఉత్తీర్ణత అది.

ఇది మన ఒక్కరి కష్టం కాదు. ఆ వసంతకాలంలో 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థుల చదువు ఆగిందని యునెస్కో లెక్క చెప్పింది. బడిని మూయడానికి ఒక్క ఉత్తరువు చాలింది. తెరవడానికి ఎంత ఆలోచన కావలసి వచ్చిందో చూడండి. మన రాష్ట్రంలో మొదట ఆగస్టు 3 అనుకున్నారు. తరువాత సెప్టెంబరు 5 అన్నారు. అది అక్టోబరు 5 అయింది. చివరకు నవంబరు 2న తలుపులు తెరుచుకున్నాయి. ఈలోగా దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారం చేశారు. మధ్యాహ్న భోజనానికి బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకు పంపారు. అక్టోబరు 8న విద్యాకానుక పథకం ప్రారంభమై సంచి, బూట్లు, పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. కొత్త బూట్లు వేసుకుని వీధిలో అటూ ఇటూ నడిచి, మళ్ళీ విప్పి పెట్టెలో దాచుకున్న పిల్లల్ని నేను చూశాను. వెళ్ళడానికి బడి లేదు మరి.

ఆనాటి ప్రణాళిక

నవంబరు 2న మొదట 9, 10 తరగతుల పిల్లల్ని, ఇంటర్ విద్యార్థుల్ని రమ్మన్నారు. నవంబరు 23 నుంచి 8వ తరగతి వచ్చింది. రోజు విడిచి రోజు తరగతులు, అదీ ఒంటిపూట. 750 మంది కంటే ఎక్కువ ఉన్న బడిలో మూడు రోజులకు ఒకసారి వంతు. గదికి పదిహేను పదహారు మంది. మధ్యాహ్నం అన్నం పెట్టి ఇంటికి పంపడం. వీటన్నిటికీ ముందు తలిదండ్రుల అంగీకార పత్రం.

తెరిచిన మొదటి మూడు రోజుల్లోనే 262 మంది విద్యార్థులకు, దాదాపు 160 మంది ఉపాధ్యాయులకు పాజిటివ్ వచ్చిందన్న వార్త పత్రికల్లో పడింది. ఆ వార్తతో చాలా ఇళ్ళలో పిల్లల సంచులు మళ్ళీ మేకుకు ఎక్కాయి. కాని హాజరైన పిల్లలు సుమారు 4 లక్షల మంది. ఆ లెక్కన వెయ్యిమందిలో ఒకరికి కూడా రాలేదని పాఠశాల విద్యాశాఖ కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడుగారు వివరించారు. పైగా ఆ రోజుల్లో బడుల్లో పనిగట్టుకుని పరీక్షలు చేశారు. బయటపడినవారంతా బడిలోనే అంటించుకున్నారని చెప్పడానికి వీలులేదు.

అంకె నిజమే, భయమూ నిజమే. ఎందుకంటే ప్రణాళిక వేసినవారు తరగతి గదిని కొలిచారు. తల్లి తన ఇంటిని కొలుచుకుంది. గదిలో పదహారు మందిని దూరందూరంగా కూర్చోబెట్టవచ్చు. మరి ఒకే గది ఉన్న ఇంట్లో బడినుంచి వచ్చిన బిడ్డను, చక్కెర జబ్బున్న నాయనమ్మను ఎంత దూరంగా కూర్చోబెట్టగలం?

మా వీధిలో ఒక కుటుంబానికి ఆ అంగీకార పత్రం మీద సంతకం పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. పిల్ల పదో తరగతి. తండ్రి పెడతానంటాడు, తల్లి వద్దంటుంది. చివరకు ఆ నాయనమ్మే తెగించి, "నా మంచం వసారాలో వేయండి. పిల్ల బడినుంచి రాగానే పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, గుడ్డలు మార్చుకుని లోపలికి వస్తుంది" అంది. ఆ చలికాలమంతా ఆవిడ వసారాలోనే పడుకుంది. ఏ ప్రభుత్వ కాగితంలోనూ ఆ మంచం సంగతి ఉండదు. కాని ఆ పిల్ల చదువు నిలిచింది ఆ మంచం మీదనే.

రానివారిని లెక్కపెట్టిందెవరు?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా సండేస్కూలు హాజరు పట్టీ రాసేది నేనే. అందులో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి పేరు ఉండేది. ప్రార్థనాలయం తెరిచాక ఆమె రాలేదు. భయంతో ఇంట్లో ఉంచారేమో అనుకున్నాను. బడికీ వెళ్ళడం లేదని విన్నాను. ఆన్‌లైనులో చదువుకుంటున్నదేమో అనుకున్నాను. వాళ్ళ ఇంట్లో ఉన్నది ఒక మామూలు మీటల ఫోను. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అనుకున్నాను.

పత్తి తీతలు అయ్యాయి. మిరప కోతలు వచ్చాయి. ఒకనాడు కూలీల ఆటోలో, తలకు తువ్వాలు చుట్టుకుని, ఆ అమ్మాయి కనబడింది. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది. 2021 ఆగస్టులో బడులు మళ్ళీ తెరిచినప్పుడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. "పదో తరగతికి పేరు ఉందమ్మా, రా" అన్నాను. "లెక్కలన్నీ మరిచిపోయాను మాస్టారూ. అందరి ముందూ నిలబడి తప్పు చెప్పలేను" అంది. ఆమెను ఆపింది రోగం కాదు, పేదరికం ఒక్కటే కూడా కాదు. సిగ్గు ఆపింది. పది నెలలు ముందు వెళ్ళి ఉంటే ఆ సిగ్గు అంత ముదిరేది కాదు. ఆమె మళ్ళీ బడికి రాలేదు.

వచ్చినవారి ఎదుట టిక్కు పెట్టడం ఎవరైనా చేస్తారు. తొంభైతొమ్మిది గొర్రెలు దొడ్లో ఉన్నా తప్పిపోయిన ఒక్కదాన్ని వెదకడానికి వెళ్ళిన కాపరి కథను పిల్లలకు ఎన్నోసార్లు బొమ్మలు చూపి చెప్పాను. నా పట్టీలో గైరుహాజరు గీత పెట్టి ఊరుకున్నదీ నేనే.

చిన్నవారి వంతు

ఇక మొదట చెప్పిన పిల్లవాడి సంగతికి వద్దాం. మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. రెండో ఉద్ధృతి రావడంతో ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులు మళ్ళీ మూసేశారు. అంటే ఆ సంవత్సరం ఒకటో తరగతి పిల్లవాడికి దక్కినది మూడు నెలలైనా నిండని చదువు. అ ఆలు దిద్దవలసిన సంవత్సరం అలా పోయింది. ఆగస్టు 16న మళ్ళీ గంట మోగేసరికి వాడు రెండో తరగతి.

పెద్దవారిని ముందు రమ్మనడానికి కారణం ఉంది. వారికి పరీక్షలు ఉన్నాయి, మాస్కు పెట్టుకోమంటే పెట్టుకుంటారు. డెన్మార్క్ దేశం దీనికి భిన్నంగా చేసింది. 2020 ఏప్రిల్ 15న బడులు తెరిచినప్పుడు ముందుగా చిన్నపిల్లల్నే పిలిచింది. చిన్నవారు తెరమీద చూసి నేర్చుకోలేరు, వారు ఇంట్లో ఉంటే తలిదండ్రులు పనికి పోలేరు. అక్కడి వసతులు వేరు, ఇక్కడి ఇరుకు వేరు. ఉగాండాలో బడులు పూర్తిగా తెరుచుకునేసరికి 2022 జనవరి 10 అయింది. ఎవరి తూకం వారిది. కాని తూకంలో చిన్నవాడి వైపు బరువు తగ్గిందన్నది మనం ఒప్పుకోవాలి.

ఫలితం అంకెల్లో కూడా ఉంది. గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ నివేదిక ప్రకారం, మన రాష్ట్రంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 22.6 శాతం. 2022లో 10.3 శాతం. 2022లో మూడో తరగతిలో ఉన్నది ఎవరనుకున్నారు? కరోనా ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలే. అమ్మా, మీవాడికి బుర్ర లేకపోవడం కాదు. వాడి సంవత్సరం పోయింది.

2021 ఆగస్టు 5న మన పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది గుర్తుందా? ఇంజనీర్లు పరుగెత్తారు, మంత్రులు వచ్చారు, నీళ్ళు కిందికి వదిలి ఆ ఖాళీని మూశారు. గేటు పోతే నీళ్ళు పోవడం అందరి కంటికీ కనబడుతుంది. పిల్లవాడి అక్షరాలు కొట్టుకుపోతే చప్పుడు రాదు.

తరువాత మనకు కొంత బుద్ధి వచ్చింది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వ్యాపించినప్పుడు కృష్ణ అవతలి ఒడ్డున తెలంగాణలో నెలాఖరు వరకు సెలవులు పొడిగించారు. ఇవతల మన బడులు సంక్రాంతి తరువాత 17నే తెరిచారు. అప్పటికి ఉపాధ్యాయుల్లో అత్యధికులు టీకాలు వేయించుకున్నారు. 15 నుంచి 18 ఏళ్ళవారికి ఆ జనవరి 3 నుంచే టీకా మొదలయింది. నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, నీటి వసతి వగైరా సమకూర్చారు. చేయి కడుక్కోమని చెప్పడానికి ముందు పంపులో నీళ్ళు ఉండాలి గదా!

మనం చేయదగినవి

పోయిన సంవత్సరాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అయినా చేయవలసినవి ఉన్నాయి.

మొదటిది, పిల్లవాణ్ణి తిట్టకండి. "ఇంత పెద్దవాడివి, ఇది రాదా?" అన్న మాట ఆ అమ్మాయిని మిరప తోటకు పంపిన సిగ్గునే వీడిలోనూ పెంచుతుంది.

రెండవది, రోజూ పావుగంట వాడిచేత బిగ్గరగా చదివించండి. పాఠ్యపుస్తకమే కానక్కరలేదు. వార్తాపత్రిక, పాటల పుస్తకం, చివరకు ఎరువు బస్తా మీద అక్షరాలైనా సరే. తల్లికి చదువు రాకపోయినా పక్కన కూర్చుని వినవచ్చు. వినేవారు ఉంటే చదివేవాడికి గొంతు వస్తుంది.

మూడవది, సంఘ పెద్దలకు ఒక మనవి. మన పల్లెల్లో ఒకప్పుడు ప్రార్థనాలయమూ బడీ ఒకే కప్పు కింద ఉండేవి. వారమంతా పలకలు, ఆదివారం ఆరాధన. ఇప్పుడు ఆరు రోజులు ఆ తలుపుకు తాళం వేసి ఉంటోంది. సాయంత్రం ఒక గంట ఆ దీపం వెలిగిస్తే, ఇంటర్ చదివే పిల్లలే చిన్నవారికి చదువు చెప్పగలరు. ఏ సంఘం పిల్లలని అడగవద్దు. వచ్చినవారందరినీ కూర్చోబెట్టండి.

నాలుగవది, మళ్ళీ ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా బడి మూతపడితే, ఆ వారంలోనే వీధివారీగా పిల్లల పేర్లు రాసుకోండి. తెరిచిన వారంలో ఆ కాగితం పట్టుకుని, రానివారి ఇంటికి నడవండి. పదిహేను రోజులు ఆగకండి.

ఆ తల్లితో ఈ మాటలే చెప్పాను. మరునాటి సాయంత్రం పిల్లవాడు పుస్తకం పట్టుకుని మా అరుగు మీదికి వచ్చాడు. ఒక పేజీ చదవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను గడియారం చూడలేదని వాడు అనుకున్నాడు. చూశాను. నిన్న పన్నెండు నిమిషాలు పట్టింది.

నా పాత హాజరు పట్టీలో ఆ అమ్మాయి పేరు ఇంకా కొట్టివేయలేదు. సార్వత్రిక విద్యాపీఠంలో పదో తరగతి కట్టవచ్చని మొన్న వాళ్ళ అమ్మతో చెప్పి వచ్చాను. ఆలోచిస్తామన్నారు. వచ్చే వారం మళ్ళీ వెళ్తాను.

మీ పట్టీలో పలకని పేరు ఎవరిది?