వేవిళ్ళకు సూది వైద్యమా?

మంగళగిరిలో గుంటమగ్గం ముందు కూర్చునే గర్భిణులకు నడుము నొప్పి కొత్త కాదు. మాత్ర మింగితే బిడ్డకేమవుతుందోనన్న భయంతో ఆక్యుపంక్చర్ గురించి అడిగేవారున్నారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను.

మణికట్టు ముడతకు మూడు వేళ్ళ పైన, లోపలి వైపు ఒక బిందువున్నది. అక్కడ సూది గుచ్చినా, వేలితో నొక్కినా వేవిళ్ళు కొంత తగ్గుతాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. తేడా లేదన్నవీ ఉన్నాయి. నడుము నొప్పి విషయంలో ఆధారాలు కాస్త మెరుగు. నొక్కుకోవడానికి ఖర్చు లేదు గనుక నేనైతే ముందు అదే చేయమంటాను.

సూదులే వేయించుకోదలిస్తే గర్భవతినన్న సంగతి మొదటే చెప్పాలి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న బిందువునూ, చీలమండకు లోపలివైపు పైనున్న బిందువునూ 37 వారాలు నిండేదాకా ముట్టకపోవడం ఆ వైద్యంలో ఆనవాయితీ. అవి నొప్పులు రప్పిస్తాయన్నది రుజువు కాలేదు. అయినా విడిచిపెడితే పోయేదేమున్నది?

నా అభ్యంతరం సూదిపై కాదు, దాన్ని నమ్మి ఆగిపోవడంపై. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే ఉచిత గర్భిణీ పరీక్షలు మానరాదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు రక్తపోటు లక్షణాలు కావచ్చు. వాటికి సూదులు వేయించుకుంటూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎయిమ్స్ మంగళగిరిలోనే ఉన్నది. ఆ పూటే వెళ్ళండి.