పదహారేళ్ల పిల్లవాడు

జాక్ కార్న్‌వెల్ తూర్పు లండన్ పేదింటి బిడ్డ. పుట్టింది 1900 జనవరిలో. బడి అయిపోయాక బ్రూక్‌బాండ్ టీ కంపెనీ బండి మీద సరుకు అందించేవాడు. 1915 అక్టోబరులో, పదహారు నిండకముందే, తండ్రి అనుమతి లేకుండా వెళ్లి బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. దళం చేర్చుకుంది. అప్పట్లో ఆ వయసువాళ్లను తీసుకోవడం మామూలే.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 మే 31న, ఉత్తర సముద్రంలో బ్రిటిష్, జర్మన్ నౌకాదళాల మధ్య జట్లండ్ యుద్ధం. 'చెస్టర్' నౌక ముందుభాగంలో ఉన్న ఫిరంగికి, అందిన ఆదేశాల ప్రకారం గురి సరిచేయడం జాక్ పని. జర్మన్ క్రూయిజర్లు గుండ్లు కురిపించాయి. ఫిరంగి ముందున్న ఉక్కు కవచం డెక్ దాకా దిగదు. కింది సందులోంచి దూసుకొచ్చిన ఇనుప ముక్కలు నిలబడ్డ వాళ్లను నిలబడ్డచోటే కూల్చేశాయి. చుట్టూ ఉన్న వాళ్లంతా చచ్చో, గాయపడో పడి ఉంటే, ఛాతీలో ఇనుప ముక్కలు దిగిన ఈ పిల్లవాడు తర్వాతి ఆదేశం కోసం చూస్తూ అక్కడే నిలబడ్డాడు. జూన్ 2న గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. కబురందగానే బయల్దేరిన తల్లి లిల్లీకి కడసారి చూపు కూడా దక్కలేదు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ముందు జాక్‌ను ఉమ్మడి గోతిలో పాతిపెట్టారు. అడ్మిరల్ బీటీ తన నివేదికలో మెచ్చుకున్నాక పత్రికలు అందుకున్నాయి. జులై 29న శవపేటికను వెలికితీసి, ఊరంతా ఊరేగించి, సైనిక లాంఛనాలతో మళ్లీ ఖననం చేశారు. సెప్టెంబరులో బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. అతని సోదరుణ్ణి ఎదుట నిలబెట్టి జాక్ బొమ్మ గీయించారు. అతని పేరు మీద బడిపిల్లల చేత చందాలు వేయించారు. ఆ అక్టోబరులోనే తండ్రి పోయాడు, కొడుకు సమాధిలోనే ఆయన్నీ ఉంచారు. మూడేళ్లకు, 1919లో, తల్లి పేదరికంలోనే కన్నుమూసింది.

జాక్ ధైర్యాన్ని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ పతకాల మెరుపులో అడగాల్సిన ప్రశ్న మరుగునపడింది: ఆ వయసు వాణ్ణి ఫిరంగి పక్కన నిలబెట్టింది ఎవరు?

బ్రిటన్ ఇప్పటికీ తల్లిదండ్రుల అంగీకారం ఉంటే పదహారేళ్లకే సైన్యంలోకి తీసుకుంటోంది. ఆ పిల్లలను యుద్ధానికి పంపబోమంటోంది. 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం నిర్బంధ సైనిక సేవకు పద్దెనిమిదేళ్ల హద్దు గీసినా, స్వచ్ఛందంగా చేరే పదహారేళ్ల వాళ్లకు తలుపు తెరిచే ఉంచింది. మన అగ్నివీరుల నియామకం పదిహేడున్నరకే మొదలవుతుంది. ఓటుకు పద్దెనిమిది నిండాలంటున్నాం. తుపాకికీ అదే వయసు పెట్టాలి. ఆ ఒప్పందాన్ని సవరించమని ముందుగా అడగాల్సిన దేశం మనదే కావాలి.