మూడున్నర వేల చట్టం

హైదరాబాద్‌లో నెలకు 3,500 రూపాయలకు ఏం కిరాయికి దొరుకుతుంది? అమీర్‌పేట హాస్టల్లో ముగ్గురుండే గదిలో ఒక మంచం దొరకడమూ కష్టమే. కానీ నగరంలో అంతకు మించి కట్టే కిరాయిదారుకు మన అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన ఆ చట్టాన్ని 2005లో సవరిస్తూ కార్పొరేషన్లలో 3,500, మిగతాచోట్ల 2,000 అని గీత గీశారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ చట్టం పేరు మార్చుకుంది గానీ గీతను కదపలేదు.

గీత దాటినవాళ్లకు దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే, నెలవారీ కిరాయిదారును 15 రోజుల నోటీసుతో పంపేయొచ్చు. ఇక అడ్వాన్సు సంగతి. ఖాళీ చేసే రోజు ఓనరు లెక్క మొదలవుతుంది: రంగులకు ఒక నెల కిరాయి, గోడకు మేకులు కొట్టారని కొంత, బాత్రూం కుళాయి కారుతోందని ఇంకొంత. సామాను అప్పటికే ఆటో ట్రాలీ ఎక్కేసి ఉంటుంది. పది, పదిహేను వేల కోసం కోర్టు మెట్లెక్కేదెవరు?

కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీనికి మందుంది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించకూడదు. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. తగవులకు ప్రత్యేక అద్దె కోర్టులు. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణకు ఇంకా ముహూర్తం కుదరలేదు.

కిరాయిలను స్తంభింపజేయమని మేం అడగడం లేదు. బొంబాయిలో దశాబ్దాలపాటు ఆ పని చేస్తే ఓనర్లు మరమ్మతులు మానేశారు, భవనాలు పాడుబడ్డాయి. పైపోర్షన్ కిరాయితో బతికే రిటైర్డు ఉద్యోగికీ భయాలుంటాయి, అవి న్యాయమైనవే. గడువు ముగిసినా కదలనివారి నుంచి తొలి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు కిరాయి రాబట్టే హక్కును నమూనా చట్టం ఆయనకిచ్చింది కూడా.

వచ్చే శాసనసభ సమావేశాల్లోనే తెలంగాణ సర్కారు బిల్లు పెట్టాలి. అంతదాకా ఆగకుండా 3,500 గీతను చిన్న సవరణతో చెరిపేయాలి. నమూనా చట్టం పట్టించుకోని విషయం ఒకటుంది: టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే, కిరాయి ఎంతో చెప్పకముందే కులమేమిటని, మతమేమిటని ఆరా తీయడం. కొత్త చట్టంలో దానికి జరిమానా రాయాల్సిందే.