వినవలసిన తెలుగు

చూపు లేనివారికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్.వి.డి.ఎ. అను సాఫ్ట్‌వేరును 2006లో ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కర్రన్ ప్రారంభించాడు. ఉచితంగా లభించే ఆ సాధనాన్ని వాడేవారే లోపాలు తెలుపుతూ, తమతమ భాషలలోకి అనువదిస్తూ పెంచి పోషించారు. అది తెలుగును సైతం పలుకుతుంది. కాని పలికించదగిన తెలుగు ఎంత ఉన్నది? యూనికోడ్‌లో 1991 నుండి తెలుగు లిపికి స్థానమున్నప్పటికీ, పాత ఖతులతో కూర్చిన పుటలు (కంటికి ఎంత సొంపైనవో!) చెవికి అర్థంలేని సంకేతాలుగానే మిగులుతున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందరికీ అందే సమాచారాన్ని కోరుతున్నది. చట్టమొక్కటే చాలదు. మాడుగులపల్లి విద్యార్థి అయినా తన వ్యాసాన్ని యూనికోడ్‌లో కూర్చవచ్చు. యంత్రం తప్పుగా పలికిన పదాన్ని దాని నిర్మాతలకు తెలుపవచ్చు. ఆ పనికి ఉచ్చారణ తెలిస్తే చాలు, ఇంజనీరింగు పట్టా అక్కరలేదు.