కథల్ని చంపింది ఫోను కాదు

ఈమధ్య ఏ బడి వార్షికోత్సవంలో విన్నా ఒకటే మాట: సెల్‌ఫోను వచ్చి నాయనమ్మల కథల్ని మింగేసిందని. ఆ మాటకు చప్పట్లు పడతాయి. కానీ అది నిజం కాదు. పైగా ఆ మాట చాటున అసలు దోషులు తప్పించుకుంటున్నారు.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లనే తీసుకోండి. టచ్‌ఫోను ఇంటికి రాకముందే పిల్లలు ఇల్లు వదిలారు. హైస్కూలు వయసులోనే హాస్టళ్లలో చేర్చాం. ఇంటర్‌కు గుంటూరు, విజయవాడ కాలేజీలకు పంపాం. పండక్కి వచ్చిన పిల్లవాడు తాతయ్య పక్కన కూర్చుంటే, "ఆ సోదంతా ఎందుకురా, పుస్తకం తియ్" అన్నది మనమే. చెప్పేవాళ్లు ఉండగానే వినేవాళ్లను లేపి పంపేశాం.

ఇంటి కథ అంటే రాజు, రాకుమారి, చివర నీతి అనుకోవడం ఇంకో పొరపాటు. అలాంటివి 1947 నుంచి చందమామ నిండా అచ్చయ్యాయి, ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. 1980లలో ఈ నల్లరేగడిలో పత్తి మీద సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టారు. ఆ దశాబ్దం చివర్లో తెల్లదోమ విరుచుకుపడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతు కూలిపోయాడు, ఆత్మహత్యలు జరిగాయి. ఎంత పంట పోయిందో సర్కారు లెక్కల్లో దొరుకుతుంది. ఆ ఏడు ఎవరి మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లింది, ఎవరి పెళ్లి ఆగింది, ఏ పిల్ల బడి మాని మిరపకాయల కోతకు పోయింది? ఇవి ఏ లెక్కల్లోనూ ఉండవు, ఆనాటి ఇల్లాళ్ల నోట ఉంటాయి. వాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు.

వాళ్లను అడగడం ఆలస్యం చేస్తే ఏమవుతుందో పక్కనున్న పెదనందిపాడే చెబుతుంది. సహాయ నిరాకరణ రోజుల్లో, 1922లో, ఆ ఫిర్కా రైతులు పన్ను కట్టబోమన్నారు. నాయకుడు పర్వతనేని వీరయ్య చౌదరి పేరు చరిత్రలో నిలిచింది. జప్తు భయంతో గడిచిన ఆ రాత్రుల్లో ఇళ్లలో ఏం మాట్లాడుకున్నారో చెప్పగల తరం మాత్రం వెళ్లిపోయింది. ఇప్పుడు ఎవరిని అడుగుతాం?

యంత్రం ముందు కథ బతకదనేవాళ్లు పల్నాడు వైపు చూడాలి. అలిశెట్టి గాలెయ్య పాడిన పల్నాటి వీరుల కథను జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు టేపు మీదికి ఎక్కించాడు. 1982లో అది పుస్తకమైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని స్త్రీశక్తి సంఘటన సేకరించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ఎవరో వెళ్లి, కూర్చుని, అడిగారు కాబట్టే ఆ గొంతులు మనదాకా వచ్చాయి.

ఆ పని ఈరోజు తొమ్మిదో తరగతి పిల్ల ఫోనుతోనే, పాడ్‌కాస్ట్ రూపంలో చేయగలదు. పాడ్‌కాస్ట్ చేయాలంటే ప్రశ్నలు రాసుకోవాలి, అడ్డు తగలకుండా వినాలి, అనవసరమైనది కత్తిరించాలి, నాయనమ్మ చెప్పిన ఏడాదిని పుస్తకంతో సరిచూడాలి. ఇది చదువు కాకపోతే చదువంటే ఏమిటి? మార్కులు పోతాయని భయపడేవాళ్లకు ఒక్క మాట: ప్రాజెక్టు పని పేరుతో బజార్లో చార్టు కొని, గైడులో ఉన్నది ఎక్కించి మార్కులు వేయించుకుంటున్న సంగతి పంతుళ్లకూ తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. ఆ మార్కులే దీనికి వేయండి.

ఇంటి గుట్టు బయటపడుతుందన్న భయం న్యాయమైనదే. అందుకు కట్టుబాటు పెట్టుకోవాలి. రికార్డు చేసింది ముందు చెప్పినావిడకే వినిపించాలి. ఆవిడ వద్దన్న మాట తీసేయాలి. ఆవిడ ఒప్పుకోకపోతే అది ఇంట్లోనే ఉండాలి.

అమెరికాలో స్టోరీకోర్ అనే సంస్థ 2015 నుంచి థాంక్స్‌గివింగ్ పండగ రోజుల్లో హైస్కూలు పిల్లల చేత పెద్దల మాటలు రికార్డు చేయిస్తోంది. మనకు సంక్రాంతి ఉంది. పిల్లలు ఇళ్లకు చేరతారు, పెద్దలు ఇంట్లోనే ఉంటారు. ప్రత్తిపాడు మండలంలోని హెడ్‌మాస్టర్లారా, ఈ సంక్రాంతి సెలవుల్లో ప్రతి పిల్లకూ ఈ ఒక్క పని ఇవ్వండి. అమ్మలారా, నాన్నలారా, రికార్డు చేసే ఆ ఒక్క గంట ఫోను లాక్కోకండి.