పేరు మనోడిది, మరి నీళ్లు ఎవరివి?

మే 19 వస్తే ఫోన్లలో నీలం సంజీవరెడ్డి ఫోటోలు తిరుగుతాయి. 'మన అనంతపురం రాష్ట్రపతి' అని స్టేటస్‌లు పెడ్తారు. జూన్ 1న వర్ధంతి, ఇంకో దండ. మళ్లీ ఏడాది దాకా ఆ పెద్దాయన మాట ఎత్తేవాళ్లుండరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోటో పెట్టొద్దని నేను అనడం లేదు. పెట్టే ముందు ఆయన చివరి రోజులు, ఆయన పేరున్న డ్యాం సంగతి రెండూ కలిపి చూడమంటాండా.

గార్లదిన్నె మండలం ఇల్లూరులో 1913లో పుట్టినాడు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. 1964లో బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు తప్పుబడ్తే రెండోసారి వచ్చిన ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినాడు. 1969లో రాష్ట్రపతి ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి ఆయనే. అయినా ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' అనింది, వి.వి.గిరి గెలిచినాడు. ఓడినోడు ఢిల్లీలో తచ్చాడకుండా మన జిల్లాకొచ్చి సేద్యం చూసుకున్నాడు. 1977లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడినాడు. రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌కే పోయినాయి. మిగిలిన ఆ ఒక్కటీ ఈయనదే. ఆ ఏడే స్పీకరు, జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి. జీతంలో 70 శాతం వద్దన్నాడు.

అంతా బంగారమేనని చెప్పను. 1979లో మొరార్జీ సర్కారు పడిపోయినాక చరణ్‌సింగ్‌ను పిలవడం, జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇయ్యకుండా లోక్‌సభ రద్దు చేయడం మీద అప్పుడే గట్టి విమర్శలొచ్చినాయి. ఇప్పటికీ ఉండాయి.

నాకు ముఖ్యమైంది 1982. పదవి దిగిపోతా దేశానికి చేసిన ప్రసంగంలో, వరసగా వచ్చిన ప్రభుత్వాలేవీ జనం బతుకులు బాగు చేయలేకపోయినాయని ఆయనే అన్నాడు. పాలకులు దారి తప్పకుండా ఉండాలంటే గట్టి ప్రతిపక్షం రావాలన్నాడు. ఆ తర్వాత కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే బెంగుళూరులో ఉండమని పిలిచినా, అనంతపురం తోటకే వచ్చినాడు. చివరికి 1996లో, 83 ఏండ్ల వయసులో, కన్ను మూసింది మాత్రం బెంగుళూరులోనే. సమాధి కూడా అక్కడే, కల్పల్లిలో. మన ఊర్లల్లో చెనిక్కాయ ఎండిపోతే పిల్లోల్లు బ్యాగు సర్దుకొని బస్సెక్కేదీ ఆ బెంగుళూరుకే.

ఇంగ డ్యాం సంగతి. శ్రీశైలం జలాశయానికి సర్కారు పెట్టిన పేరు 'నీలం సంజీవరెడ్డి సాగర్'. మొదట్లో అది కరెంటు కోసం అనుకున్న ప్రాజెక్టు. దాంట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊర్లకు ఊర్లే మునిగినాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించేటప్పటికి ఢిల్లీలో రాష్ట్రపతి మనోడే. ఈ పొద్దు అనంతపురానికి హంద్రీ-నీవా నీళ్లు ఎత్తిపోసేది ఆ జలాశయం వెనక నుంచే, మల్యాల కాడ. పేరు మన జిల్లా మనిషిది, నీళ్లు కూడా అక్కడివే. మరి మనకు హక్కుండాదా?

లేదు. నేను పెద్ద చదువులు చదవలేదు, ఈ లెక్కలు ధర్నాల్లో తిరుగుతా, కాయితాలు చదువుకుంటా నేర్చుకున్నవే. హంద్రీ-నీవాకు 40 టీఎంసీలు అని రాసుకున్నారు. అవి మిగులు జలాలు, అంటే వరదొస్తేనే వచ్చే నీళ్లు. బచావత్ ట్రిబ్యునల్ పంచిన నికర జలాల్లో దీనికి ఒక్క చుక్క లేదు. 2014 విభజన చట్టం 11వ షెడ్యూల్లో ఈ ప్రాజెక్టు పేరు రాసినారు. పేరు రాస్తే ప్రాజెక్టు కడ్తారేమో గానీ, వాన లేని ఏడు నీళ్లు రావు గదా!

2025లో తొలి దశ కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేసినారు. మంచిదే, కాదనను. వరద ఉన్న నాలుగు దినాల్లో ఎక్కువ నీళ్లు తోడుకోవచ్చు. కానీ వెడల్పైన కాలువ మన ఊరి పక్కనే పోతా ఉంటే, పిల్ల కాలువ లేని రైతు గట్టు మీద నిలబడి చూసేది తప్ప ఏం చేస్తాడు? రెండో దశలో కాంక్రీటు లైనింగ్ వేస్తే బోర్లకు ఊట రాదని రైతులు అడ్డం తిరిగింది కూడా ఊరికే కాదు.

పెద్ద మనిషి ఉంటే ఊరు బాగుపడ్తాదని మనోళ్ల నమ్మకం. సంజీవరెడ్డి కంటే పెద్ద కుర్చీ ఎక్కినోడు సీమలో ఇంకొకడు లేడు. అయినా ఏమైంది? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లల్లో సీమకు ముందు చోటన్నారు, అది కాయితంలోనే ఉండిపాయె. కర్నూలు రాజధాని 1956లో హైదరాబాదుకు పాయె. అప్పుడు ముఖ్యమంత్రి సీమ మనిషే. ప్రభుత్వాలు జనానికి ఏం చేయలేదని 1982లో ఆయన అన్న మాటలో ఆయన ఏలిన ఏండ్లు కూడా ఉండాయి. అట్లా చెప్పి దిగిపోయిన నాయకుడు ఇప్పుడు ఎవరున్నారు, చెప్పండి?

ఇంకొక మాట. 1952లో ఇదే అనంతపురం జనం, జైల్లో ఉన్న తరిమెల నాగిరెడ్డికి ఓటేసి, ఆయన బావ సంజీవరెడ్డినే ఓడించినారు. మన తాతలు పేరుకు మొక్కలేదు, అడగాల్సింది అడిగినారు.

అందుకే ఈసారి మే 19న ఫోటో కింద రెండు వాక్యాలు కలపండి. మా ఊరికి పిల్ల కాలువ ఎప్పుడొస్తాది? హంద్రీ-నీవాకు నికర జలాలు ఎప్పుడు రాసిస్తారు? మీ ఎమ్మెల్యేను, ఎంపీని ట్యాగ్ చేయండి. ఏ పార్టీ వాళ్లయినా సరే. గట్టిగా అడిగేవాళ్లు కావాలని ఆ పెద్దాయన చెప్పి పోయినాడు. ఆ అడిగేవాళ్లు మీరే కావాల.